రంది పడ్డ పిల్లగాని ఇంటికి ఎవరు పోవాలె?

మనసు బాగలేకపోతె చెప్పుకునేతందుకు మన ఊర్లల్ల సొంత మాటలే ఉన్నయి. రంది పడ్డడు అంటం, మనాది పెట్టుకున్నడు అంటం. దవాఖానకు పోతె డాక్టరు డిప్రెషన్ అంటడు. ఈ రెండు మాటల నడుమ దూరం ఉన్నదే, చానామంది పిల్లలు ఆడనే ఎవ్వరికి చెప్పకుంట ఆగిపోతున్నరని నాకనిపిస్తది. ఆ దూరం ఎట్ల తగ్గించొచ్చో అమెరికాల ఒక చిన్న ఆదివాసీ జాతి చేసి చూపెట్టింది. ఆ ముచ్చట చెప్త.

అరిజోనా రాష్ట్రంల ఫోర్ట్ అపాచీ రిజర్వేషన్ ఉన్నది. ఆడ రిజర్వేషన్ అంటె కొలువుల కోటా కాదు, ఆదివాసీలకు మిగిలిన భూమి. అండ్ల ఉండేది వైట్ మౌంటెన్ అపాచీలు, సుమారు 17 వేల మంది. 2001 నుంచి 2006 దాక వాళ్లల్ల 15 నుంచి 24 ఏండ్ల పిల్లల ఆత్మహత్యలు అమెరికా సగటుకు సుమారు 13 రెట్లున్నయి.

ఎందుకట్ల? పేదరికం ఉన్నది, తాగుడున్నది, పని దొరకకపోవుడున్నది. వాటి కింద ఇంకో పాత గాయం గూడ ఉన్నది. 1800ల చివరి నుంచి సర్కారు ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల కాడికెల్లి తీస్కపోయి బోర్డింగ్ బడులల్ల ఏసింది. ఎంటికలు కత్తిరిచ్చిన్రు, సొంత భాష మాట్లాడితె శిక్షలేసిన్రు. 2024 అక్టోబర్ల అప్పటి ప్రెసిడెంట్ బైడెన్ అరిజోనాకే పోయి దీనికి మాఫీ అడిగిండు. తాత భాష మనుమనికి రాకపోతె, మనుమడు తన గోస తాతకు ఎట్ల చెప్పుకుంటడు?

2001ల పిల్లల చావులు వరుసగ అయితుంటె అపాచీల కౌన్సిల్ ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరన్న పానం తీసుకుంటె గాని, తీసుకోబోతె గాని, టీచరైనా పోలీసైనా నర్సైనా తప్పకుంట తెలపాలె. తర్వాత, చావాలన్న ఆలోచన ఉన్నోళ్ల గురించి గూడ తెలపాలన్నరు. అట్ల తెలిపేది శిక్ష కోసరం కాదు. అపాచీ జాతి కార్యకర్తనే ఆ పిల్ల ఇంటికి పోయి, పక్కన కూసోని, ఏమైందని అడుగుతది. దవాఖాన అవసరమైతె తొవ్వ చూపెడ్తది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు తోడున్నరు. గని తలుపు కొట్టేది మాత్రం వాళ్ల మనిషే.

ముసలోళ్లు గూడ పనిల దిగిన్రు. బడులకు పోయి అపాచీ భాష, గోత్రాల ముచ్చట్లు, పెద్దలు కష్టకాలం ఎట్ల దాటిన్రో చెప్పిన్రు. పిల్లల్ని తమ పవిత్రమైన జాగలకు తీస్కపోయిన్రు. చావు అంచుదాక పోయి బతికినోళ్లకు చూపెట్టే వీడియోల గూడ అపాచీలే కనవడ్తరు.

ఫలితం ఏంది? 2001–2006తోని పోలిస్తె 2007–2012ల ఆత్మహత్య మరణాల రేటు 38 శాతం తగ్గింది. అదే కాలంల అమెరికా మొత్తంల చూస్తె పెరిగింది.

దీంట్ల మనకు పనికొచ్చేది ఏందో నేను సోంచాయిస్తున్న. మన ఆచారం అంటె అన్నీ మంచియే అని కాదు. "మొగోనివి, ఏడుస్తవా?" అనుడు గూడ మన ఊరి అలవాటే. దాన్ని ఇడిచిపెట్టాలె. తాయెత్తు కట్టి మందులు బంద్ జేసుడు గూడ తప్పే. అపాచీలు డాక్టరును కాదనలె. డాక్టరు దాక పోయే తొవ్వల తమ మనిషిని నిలవెట్టిన్రు. మన కాడ ఆశా అక్క ఉన్నది, అంగన్‌వాడీ టీచరున్నది, దోస్తులున్నరు, రంది అన్న మాటకు అర్థం తెలిసిన అవ్వ ఉన్నది. వీళ్లకు జెర నేర్పితె ఆ పని వీళ్లు గూడ జేస్తరు.

అప్పటిదాక ఒక్క పని మన చేతులనే ఉన్నది. నోటిఫికేషన్ రాలేదనో, పంట పోయిందనో, పరీక్ష తప్పిండనో దోస్తు నలుగుట్లకు వచ్చుడు బంద్ జేస్తె, ఫోన్ల మెసేజ్ పెట్టి ఊకోకు. ఇంటికి పో. "ఏం రంది పెట్టుకున్నవ్‌రా?" అని అడుగు. చావాలనిపిస్తుందా అని సీదా అడిగినా ఏం కాదు, అడిగితె ఆ ఆలోచన కొత్తగ పుట్టదు. అవునంటె ఒంటరిగ ఇడువకు. నువ్వే టెలి మానస్ 14416కు ఫోన్ కలిపి వాని చేతికియ్యి. పైసలు పడయి, రాత్రైనా పగలైనా తెలుగుల మాట్లాడ్తరు. తెల్లారి దవాఖానకు పోయేటప్పుడు బండి మీద ఎనుక కూసో.