పల్లె కౌంటీలో ఏది మంచి బడి?

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం పడకగదులెన్నో చూడకముందే బడి రేటింగు చూస్తుంది. గ్రేట్‌స్కూల్స్ సంస్థ ప్రభుత్వ బడులకు ఒకటి నుంచి పది దాకా ఇచ్చే అంకె అది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఎనిమిదికి తగ్గితే పక్క వీధి చూసుకునేవాళ్లున్నారు. కానీ ఆ అంకె అసలు దేన్ని కొలుస్తుందో తెలియాలంటే, అన్నీ అమరిన ఆ ఊళ్లు పనికిరావు. పల్లె కౌంటీకి వెళ్లాలి.

వెస్ట్ వర్జీనియా దక్షిణపు కొసన, కొండల మధ్య మెక్‌డవెల్ కౌంటీ ఉంది. బొగ్గు సీమ. 1950 జనాభా లెక్కల్లో అక్కడ 98,887 మంది ఉండేవారు. గనుల్లోకి యంత్రాలొచ్చాయి, తర్వాత గనులే మూతపడ్డాయి. 2020 నాటికి మిగిలింది 19,111 మంది. 1961లో కెనడీ ప్రభుత్వం, పేదలు తిండి సరుకులు కొనుక్కునే ఫుడ్ స్టాంపులను ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు మొదటి కూపన్లు అందుకున్నది ఈ కౌంటీ కుటుంబమే. ఆ రాష్ట్రంలో కౌంటీలు 55, విద్యా జిల్లాలూ 55. కౌంటీలోని బడులన్నీ జనం ఎన్నుకున్న ఒకే బోర్డు కింద నడుస్తాయి. చదువులు బాగా వెనకబడ్డాయని 2001లో మెక్‌డవెల్ బడుల పగ్గాలు రాష్ట్రమే తీసుకుంది. తిరిగి ఇచ్చింది 2013లో.

ఇంతకీ చదువు వెనకబడిందని ఎలా తేలుస్తారు? మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి, చదవడంలోనూ లెక్కల్లోనూ రాష్ట్రం పరీక్ష పెడుతుంది. ఒక గీత గీసి, నూటికి ఎందరు దాటారో ప్రకటిస్తుంది. రేటింగుకు ప్రధానమైన ముడిసరుకు ఇదే. చిక్కంతా ఆ గీతతోనే. రెండో తరగతి వాచకం దగ్గరే ఆగిపోయిన ఐదో తరగతి పిల్లవాణ్ని ఒక టీచరమ్మ ఏడాదిలో నాలుగో తరగతి వాచకం చదివించగలిగిందనుకుందాం. రెండేళ్ల చదువు ఒక్క ఏడాదిలో చెప్పినట్టు. అయినా వాడు గీత కిందే ఉన్నాడు కాబట్టి ఆమె కష్టం పట్టికలో సున్నా. ఇంట్లోనే పుస్తకాల మధ్య పెరిగిన ఇంజనీరు గారమ్మాయి ఏడాదంతా కొత్తగా ఏమీ నేర్చుకోకపోయినా గీత పైనే ఉంటుంది, ఆ ఘనత బడికి పోతుంది.

1966లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం ఆరు లక్షలకు పైగా విద్యార్థుల వివరాలు చూసి, మార్కుల్లో తేడాలకు బడి వసతులకన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది. బడి వల్ల ఒరిగేదేమీ లేదని దానికి అర్థం తీసినవాళ్లూ ఉన్నారు. అది పొరపాటు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ బృందం రెండు సంగతులను విడదీసి చూపింది: పిల్లల సగటు మార్కు ఎంత, అది ఏటా ఎంత పెరుగుతోంది. మొదటిది తల్లిదండ్రుల ఆదాయాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, రెండోదానికి ఆదాయంతో సంబంధం స్వల్పం. 2009-14 మధ్య షికాగో పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదికి వచ్చేలోగా ఐదేళ్లలో ఆరేళ్లకు సరిపడా ఎదిగారు. వాళ్ల సగటు మాత్రం దేశ సగటు కన్నా తక్కువే. అందుకే ఏ రాష్ట్రపు బడి నివేదిక తెరిచినా ముందు ‘ఎదుగుదల’ గడి వెతకాలి. మన పత్రికలూ ఈ తేడా పట్టించుకోవు. ప్రవేశ పరీక్ష పెట్టి ఏరుకున్న గురుకులం ఫలితాన్ని, వచ్చినవాళ్లనల్లా చేర్చుకునే జిల్లా పరిషత్ హైస్కూలు ఫలితాన్ని పక్కపక్కన అచ్చేస్తాయి.

పేదరికాన్ని లెక్కలోకి తీసుకుని పోల్చవచ్చు కదా అంటారా? దశాబ్దాలుగా చేసింది అదే: ఉచిత భోజనానికి ఎందరు అర్హులో చూసేవారు. 2010 నాటి చట్టం వచ్చాక, పేదలు ఎక్కువున్న బడులు దరఖాస్తు లేకుండా అందరికీ ఉచితంగా వడ్డించవచ్చు. దాంతో పూర్తి పేద బడి, సగం పేద బడి కాగితం మీద ఒకేలా కనిపించసాగాయి. పరిశోధకులు తల పట్టుకున్నారు గానీ, పిల్లలు సిగ్గుపడకుండా తింటున్నప్పుడు ఆ నష్టం భరించదగ్గదే.

పల్లె బడికి ఇంకో గండం, తక్కువ సంఖ్య. తరగతిలో 20 మంది. నిరుడు తొమ్మిది మంది గీత దాటారు, 45 శాతం. ఈ ఏడు ఆరుగురు, 30 శాతం. వార్తలో అది కుప్పకూలడం. తరగతి గదిలో చూస్తే ముగ్గురు పిల్లలు. రాష్ట్ర జాబితాల్లో చిన్న బడులు అట్టడుగునే కాదు, అగ్రస్థానంలోనూ లెక్కకు మించి కనిపిస్తాయి. హోవర్డ్ వేనర్ అనే గణాంకవేత్త పెన్సిల్వేనియా బడుల లెక్కలతో దీన్ని చూపించాడు. పైగా ఒక వర్గం పిల్లలు మరీ తక్కువుంటే గోప్యత కోసం ఆ అంకెను ప్రకటించరు. ఒక్క ఏడాది ఫలితం పక్కనపెట్టి మూడేళ్ల సగటు చూడటం నయం.

నా మట్టుకు నేను అన్నిటికన్నా ముందు అడిగేది టీచర్ల గురించి. నిరుడు లెక్కలు చెప్పిన మనిషే ఈ ఏడూ చెబుతోందా? 2018 ఫిబ్రవరి 22న వెస్ట్ వర్జీనియాలోని 55 కౌంటీల టీచర్లూ సమ్మెకు దిగి, తొమ్మిది బడిరోజులు మూయించి, ఐదు శాతం జీతం పెంచుకున్నారు. రాష్ట్ర సరిహద్దు దాటితే ఎక్కువ జీతం దొరుకుతుంది కాబట్టి టీచర్లు వెళ్లిపోతున్నారన్నది అప్పటి ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. మెక్‌డవెల్‌లో జీతం ఒక్కటే కాదు, అద్దెకు మంచి ఇల్లు దొరకడమూ కష్టమే. చివరికి టీచర్ల సంఘం పూనుకుని, కౌంటీ కేంద్రమైన వెల్చ్‌లో వాళ్ల కోసం అపార్ట్‌మెంటు కట్టించాల్సి వచ్చింది.

ఇక దూరం. ‘రాకెట్ బాయ్స్’ రాసిన హోమర్ హికమ్ చదివిన బిగ్ క్రీక్ హైస్కూలు ఈ కౌంటీలోదే. ఆ బడి కుర్రాళ్ల రాకెట్లకు 1960లో జాతీయ సైన్స్ ఫెయిర్‌లో పతకం వచ్చింది. 2010లో దాన్నీ ఇయేగర్ హైస్కూలునూ మూసి, బ్రాడ్‌షాలో రివర్ వ్యూ అనే కొత్త బడిలో కలిపేశారు. ఇప్పుడు కౌంటీ మొత్తానికి ప్రభుత్వ హైస్కూళ్లు రెండే: ఇదొకటి, వెల్చ్‌లోని మౌంట్ వ్యూ ఇంకొకటి. కలపడం వల్ల మంచి ల్యాబు వస్తుంది, రెండు చోట్ల దొరకని కెమిస్ట్రీ టీచరు ఒక చోటైనా దొరుకుతారు, కాదనను. కానీ ఇరుకు లోయల్లో రోడ్డు కొండను చుట్టుకుంటూ పోతుంది. మ్యాపులో పక్కనే ఉన్న ఊరు బస్సులో దూరమే. ఇలాంటి కౌంటీలో రెండు బడులను పోల్చేవాళ్లు రవాణా విభాగంలో రెండు సంగతులు కనుక్కోవాలి. రూటులో అందరికన్నా ముందు ఎక్కే పిల్లవాడు పొద్దున ఎన్నింటికి రోడ్డు మీద నిలబడాలి? సాయంత్రం సైన్స్ క్లబ్బుకు ఆగిన పిల్లను ఇంటికి చేర్చే బస్సు ఉందా, లేక కారున్న ఇళ్ల పిల్లలే ఆగగలరా?