మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కాకతీయుల కట్ట: ఇంటిల్లిపాదికీ పాకాల విహారం

నర్సంపేట:

కార్తీక మాసం వచ్చిందంటే నర్సంపేట నుంచి పాకాల వెళ్లే దారిలో ఆదివారాలు సందడిగా వుంటుంది. ఆటో వెనుక సీట్లో ముగ్గురు ఆడవాళ్లు, వారి ఒళ్లో ఇద్దరు పిల్లలు, కాళ్ల దగ్గర గుడ్డ కట్టిన అన్నం గిన్నెలు, డ్రైవరు పక్కన సగం సీటులో ఇంటి పెద్ద. ఒక మోటారు సైకిలు మీద నలుగురు. వరంగల్లు, హనుమకొండల నుంచి కార్లు. అందరూ వెళ్లేది ఒక్క చోటికే.

వరంగల్ జిల్లా ఖానాపూర్ మండలంలో వున్న పాకాల చెరువు నర్సంపేటకు సుమారు పన్నెండు కిలోమీటర్లు. వరంగల్లు నుంచి లెక్కిస్తే యాభై పైచిలుకు. పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు కనుక చిన్న పిల్లలున్న సంసారులకు అనువైన చోటు. ఖర్చు కూడా తక్కువే. అన్నం ఇంటి నుంచి తెచ్చుకుంటే బండి కిరాయి తప్ప పెద్దగా పోయేది వుండదు.

అయితే వచ్చేవారిలో చాలామంది దీన్ని పట్నంలోని పార్కు లాంటిదే అనుకుని వస్తారు. పాకాల రైతులకు నీళ్లిచ్చే చెరువు. దాని చుట్టూ వున్నది అభయారణ్యం. ఈ రెండు సంగతులూ తెలిసి వచ్చిన కుటుంబానికి పూటంతా హాయిగా గడుస్తుంది. తెలియక వచ్చినవారిలో కొందరు విసుక్కుంటూ తిరిగిపోతారు, కొందరు ప్రమాదం కొనితెచ్చుకుంటారు.

ఎనిమిది వందల ఏళ్ల కట్ట

కట్ట ఎక్కి నిలబడితే ఎదురుగా కనుచూపు మేర నీళ్లు. నీళ్లకు ఆవల మూడు దిక్కులా అడవి కప్పిన కొండలు. నాలుగో దిక్కున వున్నది మాత్రం మనుషుల చేత కట్టించిన కట్ట. పాకాల అందమంతా ఈ కొలతలోనే వుంది. కొండలు మూడు గోడలుగా ఎక్కడ నిలబడి వున్నాయో చూసి, మిగిలిన ఒక్క సందును కట్టతో మూసి, పాకాల వాగు నీటిని నిలిపారు. పనికి పని తగ్గింది, నీటికి నీరు నిలిచింది. ఏ యంత్రమూ లేని రోజుల్లో ఈ చోటును వెదికి పట్టుకున్నవారి కంటిచూపుకు దండం పెట్టాల్సిందే.

కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు ఓరుగల్లును ఏలాడు. ఆయన మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి ఈ చెరువును కట్టించినట్లు పాకాల శాసనం వల్ల తెలుస్తున్నది. కాలం సుమారు 1213 అని చెబుతారు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి కూడా ఆ ఏటిదే. 2021లో ఆ గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించాక దేశదేశాల వాళ్లు వచ్చి చూస్తున్నారు. అదే కాలపు కట్ట ఒకటి ఇంకా రోజూ పొలాలకు నీళ్లిస్తూ వుంటే, దాని మీద కూర్చుని పులిహోర తింటున్నవారికి ఆ సంగతి తెలియకపోవడం కొంచెం కష్టంగానే వుంటుంది.

చెరువు విస్తీర్ణం నిండినప్పుడు సుమారు 30 చదరపు కిలోమీటర్లు. నైజాం కాలంలో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీరు దీన్ని పదమూడు చదరపు మైళ్లనీ, కట్ట పొడవు రెండు వేల గజాలనీ రాసింది. అంటే మైలుకు పైమాట. కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు పిల్లలను నడిపిస్తే చాలు, తెచ్చిన అన్నమంతా మధ్యాహ్నానికే ఖర్చవుతుంది.

ఎప్పుడు రావాలి?

సెలవులు వేసవిలో వస్తాయి కనుక ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవారు వున్నారు. వచ్చి చూసి, ఫొటోల్లో కనిపించిన సముద్రం ఇదేనా అని పెదవి విరుస్తారు. నీరు ఎక్కడికి పోయిందని అడగాల్సిన పని లేదు. తూముల గుండా కాలువల్లోకి, కాలువల నుంచి మడుల్లోకి పోయింది. వానాకాలం పంటకు, నీరు మిగిలితే యాసంగికి వదిలిన తరువాత చెరువు వెనక్కి తగ్గి శిఖం బయటపడుతుంది. విహారానికి వచ్చినవారికి వట్టి బురదగా కనిపించేది ఆయకట్టు రైతు గాదెలో ధాన్యం.

చెరువు నిండు మట్టం 30 అడుగులు. ఆ గుర్తు దాటితే మత్తడి పడుతుంది. మత్తడి పడిన వార్త తెలిస్తే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పనులు మానుకుని మరీ చూడవస్తారు. చూడాల్సిన దృశ్యమే. కాని ఆ రోజుల్లో వాగు దాటే దారుల మీద నీరు పారి రాకపోకలు నిలిచిపోతుంటాయి. పారుతున్న నీటిలో బండి దింపడం, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని దాటబోవడం ఎవరూ చేయరాని పని. ఇక్కడ పుట్టిన నీరే మున్నేరై మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మీదుగా పారి కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో అదే మున్నేరు ఇళ్లను ఎలా ముంచిందో అందరూ చూసిందే.

కుటుంబంతో రావడానికి మంచి రోజులంటే వానలు వెనుకపట్టిన తరువాత, దసరా నుంచి సంక్రాంతి దాకా. కొండలు పచ్చగా వుంటాయి, కట్ట మీద ఎండ కాల్చదు. చలికాలం పొద్దున వచ్చినవారికి నీటి మీద మంచు విడుతుండగా నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం, లకుముకి పిట్ట ఉన్నట్టుండి నీళ్లలోకి దూకి చేపతో లేవడం కనిపిస్తాయి. పిల్లలకు వేరే ఆట అక్కరలేదు. పదకొండు దాటాక వచ్చేవారికి వీటిలో సగం దక్కవు.

నీళ్ల దగ్గర జాగ్రత్త

పాకాలలో మొసళ్లు వున్నాయి. ఈ మాట పిల్లలను భయపెట్టడానికి చెప్పే కథ కాదు, అభయారణ్యంలోని జంతువుల జాబితాలో మొసలి వుంది. అయినా స్నానాలకు దిగేవారు దిగుతూనే వున్నారు. నిజం చెప్పాలంటే మొసలి కన్నా ముందు భయపడాల్సినవి వేరే వున్నాయి. కట్ట లోపలి వైపు పరిచిన రాళ్ల మీద పాచి పట్టి వుంటుంది. కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చెరువు అడుగు గచ్చు చేసిన తొట్టి లాగా సమంగా వుండదు. మోకాలి లోతని నడుస్తున్నవాడు మరో అడుగులో నిలువు లోతులో పడవచ్చు. తూము తెరిచి వున్నప్పుడు పైన నీరు కదలనట్టే కనిపిస్తుంది, అడుగున మాత్రం లాగుతూ వుంటుంది. ఈత వచ్చినవాడికీ అక్కడ దిక్కు లేదు.

అందుచేత పిల్లలను నీళ్లకు దూరంగా కూర్చోబెట్టి, పెద్దవాళ్లలో ఒకరు వాళ్ల మీదనే కన్ను వేసి వుండాలి. అన్నం వడ్డించే వేళ అందరి చూపూ విస్తళ్ల మీద వుంటుంది. ఆ పది నిమిషాలే గండం. పడవ ఎక్కాలనుకునేవారు ఆ రోజు పడవ నడుస్తున్నదో లేదో ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. నడుస్తుంటే లైఫ్ జాకెట్టు కట్టనిదే పసివాణ్ణి ఎక్కించకూడదు. ఉక్కపోస్తుందని విప్పేసే పెద్దమనుషులను చూసే పిల్లలు నేర్చుకుంటారు.

అడవిలో వంట

చెరువు చుట్టూ వున్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్లకు పైనే. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు. వాటి నీడలో చుక్కల దుప్పి, అడవి పంది, ఎలుగు, చిరుత. పగటిపూట కట్ట మీదికి వచ్చేవారికి ఇవి కనిపించడం అరుదు. తప్పకుండా కనిపించేవి కోతులు, కొండముచ్చులు.

కోతికి అరటిపండు ఇవ్వడం పుణ్యమనుకునేవారు చాలామంది. చేతి నుంచి తినడం మరిగిన కోతి, ఇవ్వని చేతి నుంచి గుంజుకుంటుంది. ఆ తరువాత వచ్చిన ఇంటివారి సంచీ పోతుంది, అడ్డం వచ్చిన పిల్లకు గోరు గీరుకుంటుంది. పుణ్యం ఒకరిది, సూదులు ఇంకొకరికి.

వనభోజనం అనగానే మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేయాలని వుంటుంది. అభయారణ్యానికి ముప్పు తెచ్చే తీరున నిప్పు రాజేయడం, రాజేసిన నిప్పును వదిలిపోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 30వ సెక్షన్ కింద నిషిద్ధం. చలికాలం చివరికి అడవి నేలంతా టేకు ఆకు రాలి గలగలమంటూ వుంటుంది. ఆర్పకుండా వదిలిన ఒక కొరివి చాలు. అదీకాక పొగకు చెట్టు మీద తేనెపట్టు కదిలిందంటే ఇక వంట సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంటి దగ్గర వండి తెచ్చుకున్నదే మేలు. సద్ది కట్టుకుని రావడం మనకు కొత్తేమీ కాదు.

ఈ అడవికీ చెరువుకూ వున్న సంబంధం పిల్లలకు అక్కడే చూపవచ్చు. కొండల మీద చెట్టు వున్నంత కాలం వాన నీరు ఆకుల మీద, వేళ్ల మధ్య నెమ్మదించి, తేటపడి దిగుతుంది. చెట్టు పోతే మట్టిని కోసుకుని వస్తుంది. ఆ మట్టి చెరువు అడుగున చేరిన ప్రతి యేడూ నీరు నిలిచే చోటు తగ్గుతుంది. ఎన్నో చెరువులు ఇలాగే పూడి పొలాలైపోయాయి. పాకాల ఎనిమిది శతాబ్దాలు నిలిచిందంటే కట్ట గట్టిదనంతో పాటు వెనుక వున్న అడవి పుణ్యం కూడా అందులో వుంది.

సీసా పెంకులు

చీకటి పడేవేళకు కట్ట మీద మిగిలేవి ప్లాస్టిక్ విస్తళ్లు, నీళ్ల ప్యాకెట్లు, సీసాలు. కవర్లు గాలికి అడవిలోకి పోతాయి. అన్నం వాసనకు పశువులూ దుప్పులూ వాటిని మింగుతాయి. సీసాల కథ ఇంకో రకం. తాగినవాడు సరదాకు రాతికేసి కొట్టినా, నీళ్లలోకి విసిరినా అది ఆ రోజుకు కనిపించకుండా పోతుంది. ఎండాకాలం నీరు తగ్గి శిఖం తేలినప్పుడు వల భుజాన వేసుకుని ఉత్త కాళ్లతో బురదలో దిగే మత్స్యకారుడికి, పశువులు మేపుకునే కుర్రవాడికి దొరుకుతుంది. కార్తీకంలో పగిలిన సీసాకు వైశాఖంలో నెత్తురు కారుతుంది. విసిరినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

కుటుంబాలతో వచ్చేవారికి తాగుబోతుల గుంపులతో మరో బాధ. ఆడపిల్లలతో వచ్చిన తల్లి, చక్కటి నీడ వున్న చోటు వదులుకుని దూరంగా ఎండలో కూర్చోవాల్సి వస్తుంది. ఇలాంటి చోట్ల ఆదివారాలు, పండుగ రోజుల్లోనైనా కాపలా వుండాలి. మరుగుదొడ్డి ఎక్కడ వుందో, తలుపుకు గడియ వుందో లేదో దిగగానే చూసుకోవడం ఆడవాళ్లకు మంచిది. విహార స్థలాల మీద వేసే రంగుల కాగితాల్లో ఈ మాట కనిపించదు గాని, ఇంటి ఇల్లాలు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

రెండు రోజులు వీలున్నవారు

మరొక రోజు చేతిలో వున్నవారు ములుగు జిల్లాలోని రామప్ప, లక్నవరం కూడా చూసిరావచ్చు. రామప్పలో గుడీ చెరువూ రెండూ దగ్గర దగ్గరే. గోవిందరావుపేట మండలంలోని లక్నవరం కూడా పాకాల తీరుదే, కొండల నడుమ సందులను చిన్న కట్టలతో మూసి నిలిపిన నీరు. నీటి మధ్య దీవులకు వేలాడే వంతెనలు వేశాక అక్కడ జనం బాగా పెరిగారు. పిల్లలకు వంతెన ఊగడం సరదా, ముసలివాళ్లకు అంత సరదా కాదు. నెమ్మదిగా కూర్చుని నీళ్లను చూడాలనుకునే పెద్దవాళ్లకు పాకాల కట్టే సుఖం.

వచ్చేవారు తాగే నీరు సరిపడా తెచ్చుకోవాలి. పరుచుకోను ఒక జంపఖానా, చెత్త తిరిగి తీసుకుపోను ఒక ఖాళీ గోనె సంచీ వుంటే మంచిది. తిరుగు ప్రయాణం పొద్దు వుండగానే పెట్టుకోవాలి. మునిమాపు వేళ జంతువులు రోడ్డు దాటుతాయి కనుక అడవి దాటేదాకా బండి నిదానంగా పోనివ్వాలి. నర్సంపేట చేరేసరికి దీపాలు పెట్టేవేళ అవుతుంది. అక్కడి బస్టాండు నుంచి వరంగల్లుకు బస్సులు వున్నాయి.