దూరం పెరిగినా సమయం తగ్గుతుందా?

ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్ నుంచి విమానం ఎక్కాలంటే సుక్మా మీదుగా జగ్దల్‌పూర్ చేరాలి. అక్కడి నుంచి హైదరాబాద్‌కు 2020లో విమానాలు మొదలయ్యాయి. ఆకాశమార్గాన దూరం సుమారు 430 కిలోమీటర్లు. ఆ రూటులో తిరిగిన ఏటీఆర్-72 వేగం గంటకు దాదాపు 500. లెక్క ప్రకారం యాభై నిమిషాలు చాలాలి, టికెట్టు మీద మాత్రం గంట దాటి ఉంటుంది. ఎందుకంటే 500 అన్నది పైకెళ్లి నిలకడగా ఎగిరేటప్పటి వేగం. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం, రద్దీ ఉంటే వంతు కోసం చక్కర్లు కొట్టడం కూడా ప్రయాణమే. ఆలస్యమన్న మాట రాకుండా కంపెనీలు కాస్త ఎక్కువే వేసుకుంటాయి కదా అంటారా? వేసుకుంటాయి. ఆ అదనం తీసేసినా యాభై నిమిషాలకు దిగదు.

పోనీ, వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఈ చిల్లర నిమిషాలు ఏపాటి, అక్కడైనా దూరానిదే పెత్తనం కావాలిగా? అదీ కాదు. విమానాలు ఎగిరే ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే జోరుగాలి వీస్తుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 13,900 కిలోమీటర్ల నుంచి 15,300కు పెరిగింది. అయినా గాలి వెనక నుంచి నెట్టడంతో పద్నాలుగున్నర గంటల్లోనే, పాత దారికన్నా ముందుగా దిగింది.