అంగారకుడి మీద కంప్యూటర్‌కు మరమ్మతు

ఇంట్లో ఫ్యాను ఆగిపోతే మెకానిక్ వచ్చి విప్పి చూస్తాడు. మరి మనిషి వెళ్ళలేని చోట కంప్యూటర్ మొరాయిస్తే ఎవరు బాగుచేస్తారు?

అమెరికాకు చెందిన నాసా పంపిన పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అంగారక గ్రహం మీద దిగింది. అప్పుడు ఆ గ్రహం మనకు సుమారు 19 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. రేడియో సంకేతం చేరటానికే పది నిమిషాలకు పైగా పట్టేది. కొద్ది రోజులకే నౌకలోని కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ మొదటినుంచి ప్రారంభం కాసాగింది. అలా జరిగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పని మరునాటికి వాయిదా పడేది.

ఆ కంప్యూటర్‌లో అనేక ప్రోగ్రాములు వంతులవారీగా నడిచేవి. వాటికొక కాపలా ఏర్పాటు ఉంది. ముఖ్యమైన ప్రోగ్రాము వేళకు పని ముగించకపోతే, ఆ కాపలా కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభిస్తుంది. కాని ఆలస్యం ఎందుకయిందో అది చెప్పలేదు గదా!

ఇంజనీర్లు అటువంటి కంప్యూటర్‌నే భూమి మీద నడిపారు. ఏ ప్రోగ్రాము ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో నమోదు చేశారు. చివరకు అదే తప్పు ఇక్కడా జరిగింది. కారణం దొరికింది.

అదేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రయోగశాల తాళంచెవి ఆరో తరగతి కుర్రవాడి దగ్గర ఉంది. హెడ్మాస్టరుగారు దానికోసం వేచి ఉన్నారు. ఇంతలో ఉపాధ్యాయులు ఆ సంగతి తెలియక, కుర్రవాడికి ఒకదాని తరువాత ఒకటి పనులు చెబుతున్నారు. తాళంచెవి చేరదు, హెడ్మాస్టరుగారి పని సాగదు! నౌకలో ఆ కుర్రవాడు వాతావరణ వివరాలు సేకరించే ప్రోగ్రాము. హెడ్మాస్టరు, నౌక భాగాల మధ్య సమాచారం పంచే ప్రోగ్రాము.

మరి ఉపాయం? హెడ్మాస్టరుగారు వేచి ఉన్నంతసేపు కుర్రవాడి పనిని ఆయన పనిగానే ఎంచాలి. అప్పుడు మధ్యలో ఎవరూ అతణ్ణి ఆపలేరు. ఈ చిన్న మార్పును రేడియో ద్వారా పంపగానే జబ్బు కుదిరింది! నెల రోజుల పనికోసం పంపిన నౌక 1997 సెప్టెంబరు 27 వరకు సమాచారం పంపింది.

బ్యాంకులలో, రైలు టికెట్ల వ్యవస్థలో దూరాన ఉన్న కంప్యూటర్లనూ నేడు ఇలాగే చూసుకుంటారు. అవి తమ క్షేమం తెలుపుతూ ఉంటాయి. ప్రతి పనికీ నమోదు ఉంటుంది. ఏ మార్పునయినా ముందు నమూనా మీద పరీక్షిస్తారు.

చేయి అందని చోట కన్నూ, చేయీ రెండూ ఆ నమోదులే. మీరు ప్రయోగం చేసేటప్పుడు నోటుపుస్తకంలో అన్నీ వ్రాయమనేది అందుకే!