కాపీ చేసింది ఎవరు చదువుతున్నారు?

ఫోన్‌లో కాపీ చేసిన లింక్ ల్యాప్‌టాప్‌లో కావాలంటే మనలో చాలామంది తమకు తామే వాట్సాప్ మెసేజ్ పెట్టుకుంటారు. ఎస్‌సీఆర్‌సీపీవై ఉంటే ఆ తిప్పలు లేవు. 2018లో వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ టూల్‌ని ‘స్క్రీన్ కాపీ’ అని పలకాలి. ఇది ఆండ్రాయిడ్ ఫోన్ స్క్రీన్‌ని కంప్యూటర్‌లో చూపిస్తుంది. అది నడుస్తున్నంతసేపూ ఫోన్‌లో ఏం కాపీ చేసినా కంప్యూటర్ క్లిప్‌బోర్డ్‌లోకి వచ్చేస్తుంది.

ఇక్కడే నాకు డౌట్ వచ్చింది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుంచి, మనం వాడే కీబోర్డ్ తప్ప, వెనకాల నడిచే యాప్ ఏదీ క్లిప్‌బోర్డ్ చదవలేదు. మరి దీనికెలా కుదిరింది?

ఎందుకంటే ఇది మామూలు యాప్ కాదు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే, ఏడీబీ ద్వారా ఒక చిన్న ప్రోగ్రామ్‌ని ఫోన్‌లోకి పంపి, ‘షెల్’ అనే యూజర్ కింద నడుపుతుంది. మామూలు యాప్‌లకి లేని అధికారాలు షెల్‌కి ఉంటాయి.

అంటే అసలు తాళంచెవి ఆ డీబగ్గింగ్ పర్మిషనే. ల్యాబ్ సిస్టమ్‌కి ఫోన్ పెట్టి ‘ఆల్వేస్ అలౌ’ టిక్ చేస్తే, ఇంకోసారి పెట్టినప్పుడు ఫోన్ అడగకపోవచ్చు. అప్పుడు మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా ఆ సిస్టమ్‌కి కనిపించే వీలుంది.

అందుకే సొంత ల్యాప్‌టాప్‌కి తప్ప ఆ టిక్ పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే డెవలపర్ ఆప్షన్స్‌లో ‘రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్’ నొక్కండి. ప్రాజెక్ట్ పని అయిపోగానే డీబగ్గింగ్ ఆఫ్ చేసెయ్యండి.