పరిశోధన సమర్థతకు కొలత

ఒక విశ్వవిద్యాలయం నుంచి ఏడాదిలో 200 పరిశోధన పత్రాలు వచ్చాయంటే అది ఎక్కువో తక్కువో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ఎంతమంది అధ్యాపకులతో, ఎన్ని కోట్ల ఖర్చుతో వచ్చాయన్నది తేలితేనే సమర్థత మాట ఎత్తాలి. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి వెలువరిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ (విద్యాసంస్థల జాతీయ ర్యాంకింగ్) జాబితాల్లో పరిశోధనకూ మార్కులున్నాయి. కానీ ర్యాంకు వేరు, సమర్థత వేరు.

ఈ లెక్కకు విరివిగా వాడే పద్ధతి డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్. 1957లో ఆర్థికవేత్త ఫారెల్ వేసిన పునాదిపై పరిశోధకులు చార్న్స్, కూపర్, రోడ్స్ 1978లో దీన్ని రూపొందించారు. మూడు విశ్వవిద్యాలయాలు తలా 200 పత్రాలు తెచ్చాయనుకుందాం. మొదటిదానికి 100 మంది అధ్యాపకులు, 10 కోట్లు పట్టాయి. రెండోదానికి 50 మంది, 20 కోట్లు. మూడోదానికి 100 మంది, 20 కోట్లు. మొదటి రెంటి తీరునూ చెరిసగం కలిపితే 75 మంది, 15 కోట్లతో పని జరిగిపోతుంది. కాబట్టి మూడోదాని సమర్థత 75 శాతం. మనుషులకెంత, డబ్బుకెంత విలువ కట్టాలన్నది ముందే నిర్ణయించరు. ప్రతి సంస్థకూ దానికి అత్యంత అనుకూలమైన విలువలే కడతారు. అయినా వెనకబడితే తూకాన్ని తప్పుపట్టే వీలుండదు.

అయితే పోలిక సాటివాటి మధ్యే ఉండాలి. కెమిస్ట్రీలో ఒకే ఏడాది అయిదారు పత్రాలు రావచ్చు; తాళపత్రాలు పరిష్కరించే పండితుడికి ఒక్క పుస్తకానికే ఏళ్లు పడతాయి. ఈ ఏడాది నిధుల ఫలితం రెండు మూడేళ్లకు గానీ కనబడదు కనుక కొన్నేళ్ల సగటు తీయడం మేలు.

అన్నిటికన్నా మోసం చేసేది ఖాళీ పోస్టుల లెక్క. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఇది చాలాకాలంగా ఉన్న బాధ. 60 మంది 60 పత్రాలు రాసే విభాగంలో సగం మంది రిటైరై, భర్తీ జరగక, పత్రాలు 45కు పడిపోయాయనుకుందాం. తలసరి లెక్క ఒకటి నుంచి ఒకటిన్నరకు పెరుగుతుంది! పరిశోధన తగ్గినా కాగితం మీద సమర్థత పెరిగినట్టే. పాఠాలు మోస్తున్న కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులను లెక్కలో చేర్చకపోవడం అన్యాయం కూడా.

స్కోరు లోటెంతో చూపుతుంది గానీ కారణం చెప్పదు. అందుకు ల్యాబ్‌లోని లాగ్‌బుక్ తిరగేయాలి: లక్షలు పోసి కొన్న యంత్రం ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యూవల్ కాక ఎన్ని నెలలు మూలపడిందో ఆ ఖాళీ పేజీల్లోనే తెలుస్తుంది.