ఐన్ అక్షరం, బీరార్ ఉత్తరం

మా నాయనమ్మ బియ్యం డబ్బాలో దాచిన నిజాం కాలపు హాలీ రూపాయి ఒకటి నా దగ్గరుంది. దాని మీద చార్మినార్ బొమ్మ. నడిమి కమానులో, నల్లబడ్డ వెండి మీద సన్నగా ఒక ఉర్దూ అక్షరం కనబడుతుంది: ఐన్. అప్పటి నిజాం ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం అది. ఇంగ్లీషు రాజు తల ఉండేది బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయి మీద. హాలీ మీద ఉండదు. శాలిబండ బడిలో సోషల్ చెప్పినన్నాళ్లూ పిల్లల చేతిలో ఈ రూపాయి పెట్టే బీరార్ పాఠం మొదలుపెట్టేవాణ్ని.

"అయితే నిజాం ఇంగ్లీషోళ్లకు సమానమేనా సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. 1923లో మొదలైన బీరార్ ఉత్తరాలతో చివరికి ఢిల్లీ ముందుకు వెళ్లింది ఆ ప్రశ్నే.

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్‌కు డబ్బిచ్చాడు, దండునిచ్చాడు. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లి పోరాడారు. టర్కీ ఖలీఫా శత్రుపక్షాన చేరినప్పుడు, ముస్లింలు బ్రిటన్ వైపే ఉండాలని నిజాం పిలుపునిచ్చాడు. నా దృష్టిలో డబ్బుకన్నా, దండుకన్నా పెద్ద సాయం అదే. 1918లో బిరుదులొచ్చాయి: 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్', 'ఫెయిత్‌ఫుల్ ఆలీ'. ఆయనకు కావలసింది మాత్రం బీరార్.

అమరావతి, అకోలా, బుల్ఢానా, యవత్మాళ్. పత్తి పండే నల్లరేగడి నేల. బ్రిటిష్ అధికారుల కింద ఉండే కంటింజెంట్ సైన్యం ఖర్చుల కింద 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో నిజాం చేయి జారింది. 1902లో వైస్రాయ్ కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు దాన్ని శాశ్వత కౌలుగా మహబూబ్ అలీ ఖాన్ చేత ఒప్పించుకున్నాడు. తన తండ్రిని ఒత్తిడి చేసి ఒప్పించారన్నది ఉస్మాన్ అలీ వాదన. 1923 అక్టోబరులో వైస్రాయ్ రీడింగ్‌కు ఉత్తరం రాశాడు. బీరార్ తిరిగిస్తే అక్కడి ప్రజలకు బాధ్యతాయుత పాలన ఇస్తానన్నాడు.

పాఠంలో ఈ మాట దగ్గర నాకు గొంతు పట్టేసేది. అంతకు రెండేళ్ల ముందే, 1921 నవంబరు 12న, హైదరాబాద్‌లోనే, మూసీకి అవతల వివేకవర్ధిని పాఠశాలలో సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే మాడపాటి హనుమంతరావు తదితరులు తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. కచేరీ ఉర్దూ, కోర్టు ఉర్దూ, 1918లో వచ్చిన యూనివర్సిటీ కూడా ఉర్దూయే. బీరార్ రైతుకు ఇస్తానన్న హక్కు చార్మినార్ నీడన బతికే మావాళ్లకు ఎందుకివ్వలేదు? ఈ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

అట్లాగని ఆయన అడిగింది తప్పనను. ఒప్పందాల మీద రెండు పక్షాల సంతకాలూ ఉన్నాయి. ఒక పక్షం వాటిని కాదన్నప్పుడు రెండో పక్షం నిలదీయాల్సిందే. 1926 మార్చి 27న రీడింగ్ జవాబిచ్చాడు. బ్రిటిష్ కిరీటం ఆధిపత్యం ఒప్పందాల వల్ల మాత్రమే వచ్చింది కాదనీ, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానంగా వాదించజాలడనీ దాని సారం. రూపాయి మీది ఐన్ అక్షరానికి ఢిల్లీ కట్టిన విలువ అంతే.

1936లో ఇంకో ఒప్పందం కుదిరింది. నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్‌కు 'ప్రిన్స్ ఆఫ్ బీరార్' అన్న బిరుదు వచ్చింది. బీరార్‌లో యూనియన్ జాక్ పక్కన నిజాం జెండా ఎగరేయడానికి ఒప్పుకున్నారు. పాలన మాత్రం నాగపూర్ నుంచే సాగింది.